బల్బు కొనేముందు చదవవలసిన పాఠం

ఈ సంచికలో కవితలు, కథలు, విహారయాత్ర విశేషాలు ఎలాగూ ఉంటాయి. నాకు తెలిసింది కరెంటు పని, దాని వెనక ఉన్న లెక్క. కాబట్టి పాఠం లాంటి వ్యాసమే రాస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు భౌతికశాస్త్రంలో కొంత పనికొస్తుంది. హాస్టల్ వదిలి సంసారాలు నడుపుకుంటున్న పూర్వ విద్యార్థులకు నెల బిల్లులో పనికొస్తుంది.

విషయం ఇంట్లో వెలిగే బల్బు. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగిచ్చే బల్బులు వచ్చి చాలా ఏళ్లయింది. అవి మంచివని అందరూ ఒప్పుకుంటారు. అయినా కొన్ని ఇళ్లలో వంటగదిలోనో పశువుల కొట్టంలోనో ఇంకా పాత బల్బే వేలాడుతూ కనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో ఎల్‌ఈడీ కొన్నారు గానీ అది నాలుగు నెలలకే పోయింది. "ఇవన్నీ మోసం" అని మళ్లీ పాతదానికే వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇలా ఎందుకు జరుగుతోంది? దీనికి సగం జవాబు సైన్సు పుస్తకంలో ఉంది. మిగతా సగం దుకాణం బల్ల దగ్గర ఉంది.

వేడి ఎక్కువ, వెలుగు తక్కువ

మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. కరెంటు పోతే అది సుమారు 2,400 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాలి ఎర్రగా, తర్వాత పసుపు తెలుపుగా మెరుస్తుంది. అంటే దాని అసలు పని వేడెక్కడం. వెలుగు దానితోపాటు వచ్చే కొసరు మాత్రమే. మనం కట్టే ప్రతి 100 యూనిట్ల కరెంటులో వెలుగుగా మారేది సుమారు 5 యూనిట్లు. మిగిలినదంతా వేడి. కోళ్ల ఫారాల్లో చిన్న పిల్లలకు వెచ్చదనం కోసం ఈ బల్బులనే వాడతారు. అక్కడ అది సరైన వస్తువు. మే నెలలో మన ఇంట్లో మాత్రం కాదు.

ట్యూబ్‌లైటు, సీఎఫ్‌ఎల్ వేరే పద్ధతి. గాజు గొట్టంలో కొద్దిపాటి పాదరసం ఆవిరి ఉంటుంది. దాని గుండా కరెంటు పోయినప్పుడు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గొట్టం లోపలి తెల్లని పూత వాటిని వెలుగుగా మారుస్తుంది. పాదరసం విషం కాబట్టి పగిలిన సీఎఫ్‌ఎల్ ముక్కలను చేత్తో ఏరకూడదు, చీపురుతో గట్టిగా ఊడ్చి దుమ్ము లేపకూడదు. కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో ఎత్తి, సీసాలో మూతపెట్టి పారేయాలి.

ఎల్‌ఈడీలో కాలే తీగా లేదు, ఆవిరీ లేదు. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ ఒక మెట్టు దిగినప్పుడు వదిలే శక్తే వెలుగవుతుంది. ఎర్రని వెలుగిచ్చే ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చూపించాడు. కానీ ఎర్ర వెలుగులో పుస్తకం చదవలేం కదా. తెల్లని వెలుగు కావాలంటే నీలం కావాలి. ఆ నీలం ఎల్‌ఈడీ కోసం దాదాపు 30 ఏళ్లు పట్టింది. అది సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నీలం వెలుగు మీద పసుపు పూత వేస్తే మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. ఆరిన ఎల్‌ఈడీ చిప్పును దగ్గరగా చూస్తే ఆ పసుపు చుక్కలు కనబడతాయి.

వాట్ అంటే వెలుగు కాదు

మన ఇళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. "60 బల్బు ఇవ్వండి" అని అడగడం అలవాటై వాట్ అంటే వెలుగు అనుకుంటాం. వాట్ అనేది బల్బు ఎంత కరెంటు తింటుందో చెబుతుంది. ఎంత వెలుగిస్తుందో చెప్పేది ల్యూమెన్. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇస్తుంది. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు 900 ఇస్తుంది. కాబట్టి "9 వాట్లే కదా, వెలుగేం చాలుతుంది" అని పెద్దవాళ్లు అంటే పెట్టె మీద ల్యూమెన్ల అంకె చూపించండి.

ఇంకొక ముచ్చట. రాత్రంతా వెలిగే చిన్న బల్బును మనం జీరో బల్బు అంటాం. సున్నా వాట్ల బల్బు అనేది ఎక్కడా లేదు. పాత తీగ రకం జీరో బల్బు 10 నుంచి 15 వాట్ల దాకా తింటుంది. 15 వాట్లది రాత్రికి 10 గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు. అదే పనికి అర వాట్ ఎల్‌ఈడీ సరిపోతుంది.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 300 వాట్-గంటలు, నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ అదే 5 గంటలకు నెలకు 1.35 యూనిట్లు. తేడా 7.65 యూనిట్లు. నాలుగు బల్బులుంటే నెలకు 30 యూనిట్లు దాటుతుంది.

30 యూనిట్లు ఏపాటి అనకండి. కరెంటు బిల్లు శ్లాబుల్లో ఉంటుంది. వాడకం పెరిగేకొద్దీ పైన వాడిన యూనిట్ ధర పెరుగుతుంది. మనం మిగిల్చేది ఎప్పుడూ ఆ పై యూనిట్లనే. తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా, ఆ గీత దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచిత కరెంటు పరిమితిని 2019లో 200 యూనిట్లకు పెంచారు. ఎండాకాలంలో ఫ్యాన్లు, కూలరు తిరిగి మీటరు 220 దగ్గర ఆగే ఇంటికి ఆ నాలుగు బల్బులే గీతకు ఇవతల ఉండడమా, అవతల ఉండడమా అన్నది తేలుస్తాయి. కాబట్టి "మాకు కరెంటు ఫ్రీయే కదా" అనేవాళ్లకు కూడా ఈ లెక్క అవసరమే.

లాభమైతే మరి ముందే ఎందుకు కొనలేదు?

కారణం మొదట పెట్టే డబ్బు. మిగులు నెలనెలా కొద్దికొద్దిగా వస్తుంది, ధర మాత్రం ఒకేసారి కట్టాలి. రోజు కూలి మీద బతికే ఇంట్లో పది రూపాయల బల్బుకూ వందల రూపాయల బల్బుకూ మధ్య ఎంపిక అసలు ఎంపికే కాదు. ఈ చిక్కును విప్పడానికి మన దేశంలో 20 ఏళ్లుగా రకరకాల ప్రయత్నాలు జరిగాయి. వాటిని వరసగా చూస్తే మంచి పాఠం.

2004 చివర్లో బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం ఒక ఏర్పాటు చేసింది. వినియోగదారుడు ఒప్పందమున్న దుకాణంలో సీఎఫ్‌ఎల్ తీసుకోవచ్చు, ధరను కరెంటు బిల్లుతోపాటు వాయిదాల్లో కట్టవచ్చు. తగ్గిన బిల్లే వాయిదా కట్టేస్తుందన్నమాట. నా దృష్టిలో ఇది చాలా తెలివైన ఆలోచన, ఎందుకంటే ఇందులో దుకాణదారుకూ చోటుంది.

2009లో కేంద్రం బచత్ ల్యాంప్ యోజన తెచ్చింది. పాత బల్బు ఇస్తే 15 రూపాయలకు సీఎఫ్‌ఎల్. మిగతా ఖర్చు కార్బన్ క్రెడిట్లు అమ్మి రాబట్టుకోవాలి. తగ్గిన బొగ్గు పొగకు అంతర్జాతీయ మార్కెట్‌లో ఒక ధర ఉంటుందన్నమాట. ఈ పద్ధతిలో దేశంలో మొదటి ప్రయత్నాల్లో ఒకటి మన విశాఖపట్నంలోనే జరిగింది. తర్వాత 2012 నాటికి ఆ క్రెడిట్ల ధర కుప్పకూలింది, దానితో పథకమూ చతికిలపడింది. ఎక్కడో యూరప్‌లో ధర పడిపోతే ఇక్కడ వంటింట్లో బల్బు ఆగిపోయిందంటే వింతగా ఉంటుంది గాని, జరిగింది అదే.

ఆ తర్వాత ఎల్‌ఈడీల కాలం. 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని ఇంటికి రెండు ఎల్‌ఈడీలు, ఒక్కోటి 10 రూపాయలకు ఇచ్చారు. 2015 జనవరి 5న ఇదే దేశమంతటికీ పథకమైంది. తర్వాత దానికి ఉజాలా అని పేరు పెట్టారు. దీన్ని నడిపిన ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ చేసిన అసలు పని రాయితీ ఇవ్వడం కాదు, కోట్ల బల్బులకు ఒకేసారి టెండరు పిలవడం. అందువల్ల 2014 మొదట్లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కల్లా 38 రూపాయలకు దిగింది. ఇప్పటివరకు ఈ పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. 2021లో గ్రామ్ ఉజాలా పేరుతో మళ్లీ 10 రూపాయల బల్బు వచ్చినప్పుడు మొదటి విడత ప్రాంతాల్లో విజయవాడ కూడా ఉంది.

ఇంత పెద్ద పని జరిగింది, మెచ్చుకోవాలి. కానీ ఒక ప్రశ్న మిగిలింది. ఆ బల్బులను ఎక్కువగా కరెంటు ఆఫీసుల దగ్గర, శిబిరాల్లో, ప్రత్యేక కౌంటర్లలో అమ్మారు. శిబిరం ఎత్తేశాక బల్బు పోతే? మూడేళ్ల గ్యారంటీ ఉందని ఎంతమందికి తెలుసు? తెలిసినా ఆ బల్బు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? మనవాళ్లు వెళ్లేది ఊళ్లో కిరాణా కొట్టుకో, మండలంలో ఎలక్ట్రికల్ షాపుకో. రెండో బల్బు ఏదో నిర్ణయించేది ఆ కొట్టువాడే.

కొట్టువాడి లెక్క

కొట్టువాడిని తిట్టడం సులువు. అతని లెక్క ఒకసారి మనమూ వేద్దాం. ఉదాహరణకు బల్ల మీద రెండు బల్బులున్నాయి అనుకుందాం. పేరున్న కంపెనీది అతనికి 85కి పడుతుంది, 95కి అమ్ముతాడు. మిగిలేది 10. పేరూ ఊరూ లేని బల్బు 30కి పడుతుంది, 60కి అమ్ముతాడు. మిగిలేది 30. మనం అడిగేది "తక్కువలో ఏదుంది?" అని. అతను రెండోది తీసి ఇస్తాడు. మనకు 35 రూపాయలు తగ్గాయన్న తృప్తి, అతనికి మూడింతల లాభం. నాలుగు నెలలకు అది పోతే మళ్లీ ఇంకొకటి అమ్ముడవుతుంది. ఇందులో అతను చేసిన నేరం ఏమీ లేదు. అతన్ని ఆ వైపు నెట్టే ఏర్పాటు అలా ఉంది, అంతే.

2017లో నీల్సన్ సంస్థ హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లో 200 ఎలక్ట్రికల్ దుకాణాలు చూసి, ఎల్‌ఈడీ బల్బుల బ్రాండ్లలో 76 శాతం భద్రతా నిబంధనలకు తగ్గట్టు లేవని చెప్పింది. ఈ సర్వే వెనక దీపాల కంపెనీల సంఘం ఉంది కాబట్టి కొంత తగ్గించి చూసినా, పెద్ద అంకెే. నగరంలోనే ఇలా ఉంటే ఊళ్లో సంగతి మీరే ఊహించుకోండి.

మరి ఆ లాభాన్ని మంచి బల్బు వైపు తిప్పడం ఎలా? ఈ ప్రశ్నకు మంచి జవాబు చెప్పిన దేశాల్లో పోలండ్ ఒకటి. అక్కడ 1995లో సీఎఫ్‌ఎల్‌ల కోసం ఒక ప్రాజెక్టు మొదలైంది. ప్రపంచ పర్యావరణ నిధి నుంచి 50 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బును ఇంటింటికీ పంచలేదు. ఎవరు తక్కువ రాయితీతో ఎక్కువ దీపాలు అమ్ముతారో చెప్పమని తయారీ కంపెనీలను పోటీకి పిలిచి, ఫ్యాక్టరీ దగ్గరే ధర తగ్గించారు. సుమారు 12 లక్షల దీపాలు మామూలు దుకాణాల్లోనే అమ్ముడయ్యాయి.

ఫ్యాక్టరీ దగ్గరే ఎందుకు? ఇది శాతాల లెక్క, జాగ్రత్తగా చూడండి. బల్బు ఫ్యాక్టరీ నుంచి టోకు వ్యాపారికి, అక్కడి నుంచి చిల్లర కొట్టుకు వస్తుంది. టోకు వ్యాపారి 20 శాతం, చిల్లర వ్యాపారి 25 శాతం వేసుకుంటారనుకుందాం. ఫ్యాక్టరీ ధర 10 రూపాయలు తగ్గితే టోకు ధర 12 తగ్గుతుంది, కొట్టు ధర 15 తగ్గుతుంది. పన్ను కూడా శాతమే కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. అదే 10 రూపాయలు మీకు కూపన్‌గా ఇస్తే తగ్గేది 10 మాత్రమే. పైగా ఆ కూపన్లు లెక్కపెట్టడానికి గుమాస్తాలు కావాలి. అయితే మధ్యవాళ్లు తగ్గింపును తమ జేబులో వేసుకోకుండా చూసుకోవాలి. అందుకే పోటీ, అందుకే ప్రచారం. అసలు ధర ఎంతో కొనేవాడికి తెలిస్తే కొట్టువాడు దాచలేడు. రాయితీ, చదువు రెండూ కలిసి నడవాలనడం ఇందుకే. తర్వాత 2000 నుంచి ఫిలిప్పీన్స్, పెరూ, దక్షిణాఫ్రికా వంటి 7 దేశాల్లో ఇదే దారిలో పనిచేశారు, నాణ్యమైన దీపాలకు గుర్తు కూడా వేశారు. అమెరికాలో విద్యుత్ కంపెనీలు కూడా చాలా ఏళ్లు తయారీదారులకో పెద్ద దుకాణాలకో డబ్బు కట్టి అరమీద ధర తగ్గించాయి.

మన పరిస్థితికి నాకు తోచేది ఒకటుంది. ఇప్పుడు ధర పెద్ద సమస్య కాదు, నమ్మకం సమస్య. కాబట్టి కొట్టువాడికి ఇచ్చే ప్రోత్సాహం ఎన్ని బల్బులు అమ్మాడన్నదాని మీద కాక, గ్యారంటీలో పోయిన బల్బును ఎన్నిసార్లు మార్చి ఇచ్చాడన్నదాని మీద ఉండాలి. మార్చిన ప్రతి బల్బుకూ కంపెనీ అతనికి అయిదు రూపాయలిచ్చినా చాలు, "అది మా పని కాదు" అనే మాట తగ్గుతుంది. ఇప్పుడైతే మార్చి ఇవ్వడం అతనికి తిరుగుడు, నష్టం.

పెట్టె చదవడం

ఇక మన వంతు. బల్బు పెట్టె తిప్పి చూడండి. మొదట బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 16102 అనే అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో వస్తుంది, రాకపోతే ఆ పెట్టె తిరిగి ఇచ్చేయండి. తర్వాత నక్షత్రాల లేబుల్. ఎల్‌ఈడీ బల్బులకు 2018 నుంచి ఇది తప్పనిసరి. నక్షత్రాలు ఎక్కువుంటే ఒక్కో వాట్‌కు వచ్చే ల్యూమెన్లు ఎక్కువని అర్థం. మూడోది గ్యారంటీ కాలం. బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు ఇవ్వరంటే పెట్టె మీదే తేదీ వేసి కొట్టు ముద్ర వేయించుకోండి, ఆ పెట్టె పారేయకండి. అక్కడే హోల్డర్‌లో పెట్టి వెలిగించి చూడడం మనకు ఎలాగూ అలవాటే.

పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకు 5 గంటల చొప్పున 13 ఏళ్లకు పైమాట. ఎల్‌ఈడీ చిప్పు అంతకాలం ఉండగలదు గాని దాని వెనక ఉన్న చిన్న సర్క్యూట్ వేడికి, వోల్టేజి ఎగుడుదిగుళ్లకు ముందే పోవచ్చు. గాలి ఆడని గాజు డూములో బిగించకపోతే ఎక్కువకాలం వస్తుంది.

మీటరు దగ్గర ప్రయోగం

ఇంట్లో పెద్దవాళ్లకు అంకెలు చెబితే నమ్మకపోవచ్చు, కళ్లకు చూపించాలి. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు ఈ ప్రయోగం చేయండి. కొత్త రకం మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో అచ్చువేసి ఉంటుంది, ఉదాహరణకు 3200. ఇంట్లో అన్నీ ఆపించండి, ఫ్రిజ్, ఫోన్ చార్జర్‌తో సహా. 60 వాట్ల పాత బల్బు ఒక్కటే వేసి గడియారం చూడండి. సుమారు 19 సెకన్లకు ఒకసారి మిణుకుతుంది. ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ వేయండి. రెండు నిమిషాలు దాటినా మిణకదు, 125 సెకన్లకు గాని వెలగదు. ఆ రెండు నిమిషాలు మీటరు ముందు నిలబడిన అమ్మకు ఇంక వేరే ఉపన్యాసం అక్కర్లేదు. మీటరు మూతలు, సీలు మాత్రం ముట్టుకోవద్దు.

ఎల్‌ఈడీ కదా అని పగలూ రాత్రీ ఆర్పకుండా వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. వసారాలో 9 వాట్లు 24 గంటలూ వెలిగితే నెలకు ఆరున్నర యూనిట్లు. పాత బల్బును రోజుకు మూడున్నర గంటలు వెలిగించినదానితో సమానం.

హాస్టల్‌లో, అద్దె గదిలో

మన హాస్టల్‌లో బల్బు కొనేది ఒకరు, వెలిగించేది మనం, బిల్లు కట్టేది శాఖ. ఆర్పినందువల్ల మనకు పైసా రాదు, ఆర్పకపోయినా పోదు. అందుకే స్నానాల గదుల్లో పట్టపగలు లైట్లు వెలుగుతుంటాయి. ఇంటర్ తర్వాత పట్నంలో అద్దె గది తీసుకున్నప్పుడు కూడా ఇదే తంతు. "కరెంటుకు నెలకు ఇంత" అని ఓనరు గుత్తగా తీసుకుంటే మంచి బల్బు వేయడానికి మీకు కారణం ఉండదు. మీటరు మీ పేరున ఉండి బల్బులు ఓనరు వేస్తే ఆయన చౌకది వేస్తాడు. గది మాట్లాడుకునేటప్పుడే సబ్‌మీటరు అడగండి. బల్బులు మీరే కొనుక్కుని, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకెళ్లండి. పిన్ హోల్డర్ అన్నిచోట్లా ఒకటే.

లెక్కలు

ఒకటి. చదువుకునే హాలులో పాత చోక్ ఉన్న 40 వాట్ల ట్యూబ్‌లైట్లు 10 ఉన్నాయి. చోక్‌తో కలిపి ఒక్కొక్కటి 54 వాట్లు తీసుకుంటుంది. వాటి బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు వేసి రోజుకు 6 గంటలు వాడితే 30 రోజులకు ఎన్ని యూనిట్లు మిగులుతాయి? (జవాబు: 61.2)

రెండు. ఫ్యాక్టరీ దగ్గర ధర 8 రూపాయలు తగ్గింది. టోకు వ్యాపారి 25 శాతం, చిల్లర వ్యాపారి 30 శాతం వేసుకుంటే కొట్టులో ఎంత తగ్గాలి? (జవాబు: 13 రూపాయలు)

మూడు. సెలవుల్లో మీ ఊరి కొట్లకు వెళ్లి ఎల్‌ఈడీ బల్బుల పెట్టెలు చూడండి. ఎన్ని రకాల మీద ఆర్ నంబరు ఉంది, ఎన్నిటి మీద లేదు, పోయిన బల్బును మార్చి ఇస్తామన్న కొట్లు ఎన్ని అన్నది కాపీ పుస్తకంలో మూడు గడులుగా రాసి తీసుకురండి. సెలవుల తర్వాత అందరివీ కలిపి నోటీసు బోర్డులో పెడదాం.